పెరటి తొట్టిలో కొలను



తెలుగు పాఠము చెప్పువారికి తొట్ల గొడవ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. దానికి కారణము చెప్పియే మొదలు పెట్టుదుము. గడచిన వానకాలమున మా తరగతి విద్యార్థి యొకడు డెంగీ జ్వరము తగిలి ఇరువది దినములు కళాశాలకు రాలేదు. కమిటీవారు వెంటనే ఆవరణమంతయు తిరిగి చూచి, నీరు నిలిచిన తొట్లను, డబ్బాలను, పాత టైర్లను బోర్లించవలెనని నిర్ణయించిరి. వారు చూచిన వానిలో దోమపిల్లలు పుష్కలముగా కనబడిన తొట్టి ఏది? మేమును, వృక్షశాస్త్ర విద్యార్థులును కలిసి ముచ్చటపడి కలువలు నాటుకొన్న సిమెంటు తొట్టియే! పూల మధ్యనే పురుగులు తలక్రిందులుగా వ్రేలాడుచుండెను. తలవంపు పని జరిగిన మాట నిజము. అయినను, దానిని బోర్లించుటకు పదునైదు దినముల గడువు ఇమ్మని కమిటీవారిని అడిగితిమి. ఆ గడువులో చదివినదియు, చూచినదియు, అంతకుముందు చేసి చెడగొట్టినదియు ఇక్కడ వ్రాయుచున్నాము.

నీటికి పేర్లు పెట్టుటలో మన భాషకు పిసినారితనము లేదు. చెరువు, కుంట, గుంట, మడుగు, కొలను, కోనేరు, దొరువు, చెలమ, బావి, తొట్టి, గాబు, గోళెము - వీనిలో ఏ రెండును ఒకటి కావు. ఏటి ఇసుకలో చేతితో తోడుకొన్నది చెలమ. గుడిని ఆనుకొని మెట్లు కట్టించుకొన్నది కోనేరు. పూలు పూచి చూపులకు ఇంపైనది కొలను. పశువులకు కుడితి పోయునది తొట్టి. కొలను పనిని తొట్టిచేత చేయించుట మన ప్రయత్నము. పేరులోనే గంగను ఉంచుకొన్న మా గంగవరము, ప్రక్కనున్న పలమనేరు, ఇటు పుంగనూరు, మదనపల్లె, అటు కుప్పము - ఈ మిట్టసీమలో ఏడాది పొడవునను పారు ఏరు లేదు. కౌండిన్య నది వానలు కురిసిన నాళ్లలో పారి, తమిళదేశమునకు దిగి పాలాటిలో కలియును. కనుక మన పెద్దలకు నీరు అనగా నిలువ చేసికొన్న నీరే. నిలువనీటిని చెడిపోకుండ కాపాడుట వారికి కూడు పెట్టు విద్య.

ఆ విద్యకు రాతిపై వ్రాసిన పాఠము మన రాయలసీమలోనే ఉన్నది. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినవని శాసనము చెప్పుచున్నది. అంతటితో ఊరకొనక మంచి చెరువునకు పండ్రెండు సాధనములు, ఆరు దోషములు అని లెక్క పెట్టినది. ధర్మము తెలిసిన యజమాని, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీయని నీటి ఏరు, కట్టకు ఊతమిచ్చు కొండ, చేరువలో రాతిగని, పని తెలిసిన కూలివారు మొదలైనవి సాధనములు. కట్ట నుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై భూమి ఎక్కువ యగుట, నీరు ఎక్కువై భూమి కొంచెమగుట - ఇవి ఆరు దోషములు.

ఇంత పెద్ద శాసనమును మూడడుగుల తొట్టికి అన్వయించుట హాస్యమనవచ్చును. కాని మేము అన్వయించి చూచితిమి. మొదటి దోషము నీరు ఊరుట, అది తొట్టికిని కలదు. చవిటినేలకు బదులు సిమెంటులోని సున్నము. నడుమ మిట్టకు బదులు సరిగా చదును చేయని అడుగు. అన్నిటికంటె మా తొట్టికి గట్టిగా పట్టినది మూడవ దోషము! చేపలను వృక్షశాస్త్రమువారు వేయుదురని మేము, తెలుగువారు వేయుదురని వారు, మధ్యలో ఎవ్వరును వేయలేదు. రెండు శాఖల పొలిమేరలో ఉన్న తొట్టి రెండు రాజ్యముల నడుమ చెరువు వలెనే అనాథ యైనది. ఆరున్నర శతాబ్దముల క్రిందటి శాసనము చదివి సిగ్గుపడుట ఎట్లుండునో మాకు అప్పుడు తెలిసినది.

ఉర్దూ విభాగపు మిత్రులు ఈ సందర్భమున హౌజ్ మాట తెచ్చిరి. మసీదు ముంగిట వజూ కొరకు కట్టించు నీటితొట్టికి ఆ పేరు. హైదరాబాదులో చార్ కమాన్‌ల నడుమనున్న గుల్జార్ హౌజ్ ఆ నగరపు తొలి అందములలో ఒకటి. హనఫీ న్యాయవేత్తలు పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల హౌజ్‌ను పెద్దనీరుగా ఎంచి, కొంచెపు మలినము పడినంత మాత్రమున అది చెడదని చెప్పిరి. చిన్నపాత్రలోని నీటికి ఆ వెసులుబాటు లేదు. ధర్మశాస్త్రపు ఉద్దేశము వేరైనను, అందులోని లోకజ్ఞానము జీవశాస్త్రమునకును సమ్మతమే. పెద్దనీరు తప్పును ఓర్చుకొనును, చిన్ననీరు ఓర్చుకొనదు. తొట్టి కొలను పెట్టువారు మొట్టమొదట గుర్తుంచుకొనవలసినది ఇదే. పాత్ర ఎంత పెద్దదైన పని అంత సులువు.

పాత్ర సంగతి చూతము. పలమనేరు మట్టిపనికి పేరు మోసిన ఊరు. అక్కడి కుమ్మరుల చేతిలో తొట్లు, కూజాలు, బొమ్మలు అందముగా రూపొందును. మట్టితొట్టి నీటిని చల్లగా ఉంచును. ఏలనన దాని మేను చెమర్చును, ఆ చెమట ఆరునప్పుడు లోపలి వేడిని తీసికొని పోవును. కూజా రహస్యమే ఇది. కాని చెమర్చిన నీరు పోయిన నీరే. కనుక లోపల సిమెంటు పాలు రెండు పూతలు పూయించి ఆరబెట్టుకొనుట మేలు. మేము తీసికొన్నది బావికి దించు సిమెంటు ఒర. దానికి అడుగు పోయించితిమి. అడ్డుకొలత తొంబది సెంటీమీటర్లు, నీటి లోతు నలుబది. లెక్క వేసికొనుడు: రమారమి 254 లీటర్లు పట్టును. అంత నీటి బరువు 254 కిలోలు. నింపిన పిమ్మట జరుపుదమన్న కదలదు కనుక చోటు ముందే ఎంచుకొనవలెను. దినమునకు అయిదారు గంటల ఎండ తగులవలెను, లేనిచో కలువ ఆకులే వేయును గాని పూయదు. ఆకులు రాల్చు చెట్టు క్రింద పెట్టరాదు. పడిన ఆకు కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినివేయును. ఇంకొక మాట, నవ్వి త్రోసివేయవలదు: పసిపిల్లలు తిరుగు ఇంటిలో తొట్టిపై గట్టి ఇనుప వల బిగింపక నీరు పోయరాదు. జానెడు నీరు చాలును పసిప్రాణము పోవుటకు.

ఇప్పుడు మా అపరాధము. రెండేండ్ల క్రిందట ఒర తెచ్చిన మూడవనాడే నీరు నింపి, ఇరువది చేపపిల్లలను విడిచితిమి. మరునాటి ఉదయమునకు ఒక్కటియు మిగులలేదు. రసాయనశాల నుండి ఎర్ర లిట్మసు కాగితము తెచ్చి ముంచగా క్షణములో నీలి రంగునకు తిరిగినది. క్రొత్త సిమెంటు నుండి సున్నము కరగి వచ్చి నీరు ఘాటైన క్షారమగును. బంగారు చేప యైనను, చెరువు చేప యైనను ఆ నీటిలో బ్రదుకలేదు. తరువాత తెలిసికొన్న పద్ధతి ఇది. తొట్టిని నింపి నాలుగైదు దినములుంచి పారబోసి, లోపల పీచుతో తోమి మరల నింపవలెను. ఇట్లు మూడు వారములు. అరటి బోదె ముక్కలను ఆ నీటిలో నానవేయుటయు మన వైపు అలవాటే. లిట్మసు రంగు మారుట మానిన పిదపనే ప్రాణులను దింపవలెను. పారబోయు నీరు సున్నపునీరు గనుక మొక్కల మొదళ్లలో పోయరాదు. ఆ ఇరువది ప్రాణముల ఖర్చుతో మేము నేర్చిన పాఠమును మీరు ఉచితముగా పుచ్చుకొనుడు. ఆ పరాభవము తరువాత చేపల జోలికి పోవ మనస్కరింపక కలువలతో సరిపెట్టుకొంటిమి. దోమలకు తలుపు తెరచినది ఆ నిర్ణయమే.

కలువ, తామర ఒకటే యని వాడువారు మన తరగతిలోను ఉన్నారు. తెలుగు చదివినవారికి ఇది తగదు. చంద్రుడు కలువలరేడు. తామరల చెలికాడు సూర్యుడు. కవిసమయము ఊరక పుట్టలేదు. తెల్లకలువ రాత్రి విచ్చి, మరునాడు ప్రొద్దెక్కిన పిదప ముడుచుకొనును. తామర పగటి పువ్వు. ఆకులను చూచినను తేడా తెలియును. కలువాకు నీటిపై పరచుకొని తేలును, దానికి కాడ దగ్గరకు చీలిక ఉండును. తామరాకునకు చీలిక లేదు, కాడ నడిమధ్యను తగిలి, ఎదిగిన ఆకు గొడుగు వలె నీటిపైకి లేచి నిలుచును. తామరాకుపై నీటిబొట్టు అంటదని వేలయేండ్లుగా ఉపమానములు చెప్పుకొన్నాము. ఏల అంటదో 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు బార్త్‌లోట్, నైన్‌హూయిస్ వివరించిరి. ఆకుపై కంటికి కనబడని సన్నని బొడిపెలు, వానిపై మైనపు పూత ఉండుటచేత నీరు పరచుకొనక గుండ్రని బొట్టుగానే నిలిచి, దుమ్మును కూడ మోసికొని జారిపోవును. తామరగింజ మొండితనము ఇంకను వింత. చైనాలో ఎండిన కొలను అడుగున దొరికిన సుమారు 1,300 ఏండ్లనాటి గింజ మొలకెత్తినట్లు 1995లో ప్రకటించిరి.

తొట్టికి తామర పనికిరాదా? పొట్టిరకమైనచో పనికివచ్చును, కాని వేరు విస్తరించి తొట్టినంతయు ఆక్రమించును. క్రొత్తవారికి కలువయే శ్రేయము. అందులోను మా కళాశాల వేళలకు పగలు పూయు నీలికలువ తగినది. రాత్రి పూయు తెల్లకలువను పెట్టినచో దాని అందము కావలివానికి మాత్రమే దక్కును.

నాటు పద్ధతి కష్టము కాదు. వెడల్పు మట్టికుండీలో చెరువు ఒండ్రుమట్టి నింపి, దుంపను ఏటవాలుగా పెట్టి, మొగ మాత్రము పైకి వదలి, మీద రెండంగుళముల గులకరాళ్లు పరచవలెను. అట్లు చేసినచో చేపలు మట్టిని కెలకవు. పచ్చిపేడ వేయరాదు. అది కుళ్లి అమ్మోనియా పుట్టించును, చేపకు అమ్మోనియా విషము. పాత తొట్టిలో ఈ విషమును విరుచు సూక్ష్మజీవులు గోడలకు, రాళ్లకు పట్టి పెరిగియుండును. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా, కొన్ని నైట్రైటును నైట్రేటుగా మార్చును, ఆ నైట్రేటు మొక్కకు ఎరువు. క్రొత్త తొట్టిలో ఈ పనివారు ఇంకను చేరియుండరు కనుక మొదటి నెలలో చేపలు రెండు మూడు చాలును. నీరు కొంచెము పచ్చబడగానే అంతయు పారబోసి కడుగువారు కలరు. అది తమ పనివారిని తామే తరిమివేయుట. అయిదవ వంతు తీసి అయిదవ వంతు పోసిన చాలును. తీసిన నీటిని కరివేపాకు చెట్టునకు పోయుడు, అది మీకు బదులు చెప్పును. కలువాకులు నీటిపైభాగమున సగమునకు మించి కప్పిన నాడు పచ్చదనము దానియంతట అదే తగ్గును. హైడ్రిల్లా నాచు గుప్పెడు అడుగున ఉంచిన మంచిది. గుర్రపుడెక్కను, అంతరతామరను మాత్రము ఎంత అందముగా ఉన్నను తేరాదు. మొదటిది తొట్టి దాటి చెరువున పడినచో ఊరికి శాపము. రెండవదాని వేళ్లను పట్టుకొని బోదకాలు వ్యాధిని మోయు మాన్సోనియా దోమపిల్లలు పెరుగును. అవి పైకి రాక వేరు నుండియే గాలి పీల్చుకొనును, చేప వానిని పట్టుట కష్టము.

దోమల కథలో మన గడ్డకు చోటున్నది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలో ఆ వ్యాధి క్రిమిని చూచెను. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. తనను కుట్టించుకొన్న ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా పుచ్చుకొన్నాడు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. హుసేన్ ఖాన్ పేరు శాస్త్రచరిత్ర చదివినవారికే తెలియును. మీరైనను గుర్తుంచుకొనుడు.

డెంగీ దోమ వేరు జాతి, వేరు నడవడి. అది మురుగును కోరదు, ఇంటి చుట్టును నిలిచిన తేటనీటిని కోరును. పగలే కుట్టును. గ్రుడ్లను నీటిలో గాక, నీటిగీతకు కొంచెము పైన తడిగోడకు అంటించును. అవి నెలల తరబడి ఎండియు చావక, మరల నీరు తగిలిన నాడు పిల్లలగును. కనుక తొట్టిని బోర్లించినంత మాత్రమున సరిపోదు, లోపలిగోడను గట్టిగా తోమవలెను. కమిటీవారి ఉత్తరువునకు ఈ ఒక్క వాక్యము చేర్చుమని మేము విన్నవించితిమి, వారు చేర్చిరి. గ్రుడ్డు నుండి రెక్కల దోమ అగుటకు మన ఉష్ణములో వారము పది దినములు పట్టును. పదునైదు దినముల గడువు మేము అడిగినది ఈ లెక్క చొప్పుననే.

చేపల విషయమున మాకు నిశ్చితాభిప్రాయము కలదు. గంబూసియా అను చేపను 1928లో మన దేశమునకు తెచ్చిరి. దోమపిల్లలను తిను మాట నిజమే. కాని అది చెరువున పడినచో నాటు చేపల గ్రుడ్లను, పిల్లలను, కప్పపిల్లలను కూడ తినివేయును. గప్పీ కూడ పరదేశపు చేపయే. మన కుంటలలోనే నెత్తిపై తెల్లని చుక్క మెరయు చిన్నచేప యొకటి తిరుగుచుండును. నీటి పైపొరలోనే ఈదుచు, తలక్రిందులుగా వ్రేలాడు దోమపిల్లలను ఏరుకొని తినును. చిన్న పరిగెలును మంచివే. ఇంటి వైద్యుడుండగా పొరుగూరి వైద్యునికి కబురేల? 250 లీటర్లకు పది పండ్రెండు చిన్నచేపలు మించరాదు. బొరుగులు, రొట్టెముక్కలు వేసి ముద్దు చేయుటయు వలదు. కడుపు నిండిన చేప దోమను వేటాడదు, మిగిలిన మెతుకు నీటిని చెడగొట్టును. కుళాయి నీటిలో క్లోరిను వాసన ఉన్నచో ఒకటి రెండు దినములు వెడల్పు పాత్రలో ఎండకు నిలువ ఉంచి పోయవలెను. వేసవిలో నీరు వేడెక్కిన కొలది అందులో కరగు ప్రాణవాయువు తగ్గును. ఇరువది డిగ్రీలలో లీటరునకు 9 మిల్లీగ్రాములు పట్టునది, ముప్పది డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. తెల్లవారుజామున చేపలు నోరు పైకెత్తి గుటకలు వేయుచున్న యెడల అది ఆకలి కాదు, ఊపిరాడకపోవుట. చెంబుతో నీటిని ఎత్తి ఎత్తి పోయుడు.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్నను కమిటీ పెద్దలొకరు వేసిరి. "లెక్చరర్ సాబ్, ఊరంతా బిందెలు పట్టుకొని బోరు దగ్గర నిలబడి ఉంటే మనకు కొలను కావాల్సి వచ్చిందా?" ఆ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. వేయి అడుగులు త్రవ్వినను తడి తగులని బోరుబావులున్న సీమలో అది అడుగదగిన ప్రశ్నయే. రెండు దినములు లెక్కలు వేసితిమి. వాతావరణశాఖవారు నీరు ఎంత ఆవిరి యగునో కొలుచుటకు వాడునదియు ఒక తొట్టియే. అడ్డుకొలత 122 సెంటీమీటర్లు. నడివేసవిలో దినమునకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆరిపోయినదనుకొన్నను, మా తొట్టి నుండి పోవునది అయిదు లీటర్లు. సెకనుకొక చుక్క చొప్పున కారు కుళాయి నుండి దినమునకు నాలుగు లీటర్లకు పైగా పోవును. మా ఆవరణములో అట్లు కారుచున్న కుళాయిలు మూడు! వానిని బాగుచేయించి, ఆ పొదుపులో మూడవ వంతుకొంచెము మించి తొట్టికి ఇమ్మని కోరితిమి. నింపుటకు బోరునీరు అక్కరలేదు. ఇరువది చదరపు మీటర్ల వరండా కప్పుపై పదునైదు మిల్లీమీటర్ల వాన పడినచో 300 లీటర్లు. కొంత వృథా యైనను తొట్టి నిండును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు మన వైపు అటువంటి జల్లులను పలుమారులు ఇచ్చును.

లెక్క విని పెద్దవారు, "కుళాయిలు ముందు, కొలను తరువాత" అనిరి. న్యాయమే. ప్లంబరు వచ్చిన పిదపనే కుంట నుండి పండ్రెండు చేపలను తెచ్చి విడిచితిమి. ప్రతి ఉదయము ఇద్దరు విద్యార్థులు తెల్లని పింగాణీ గిన్నెతో తొట్టి అంచున పదిమార్లు నీరు ముంచి దోమపిల్లలను లెక్కించిరి. తొలినాడు నలుబది యేడు. మూడవనాడు పదునొకండు. ఆరవనాడు రెండు. తొమ్మిదవనాటి నుండి సున్న. పదునైదవ దినమున కమిటీవారు తామే గిన్నె పట్టి ముంచి చూచిరి. జ్వరము తగిలి లేచిన విద్యార్థియు ప్రక్కనే నిలిచి, గిన్నెలోనికి అందరికంటె ఎక్కువ సేపు చూచెను.

తొట్టిని ఉంచుటకు అనుమతి దొరికినది. షరతులు మూడు: ఇనుప వల బిగింపవలెను, వారమునకొకమారు నీటిగీతపై గోడను తోమవలెను, తొట్టి ఏ శాఖదో కాగితముపై వ్రాయవలెను. తెలుగు శాఖ అని వ్రాసి సంతకము చేసితిమి. వంతుల పట్టిక నోటీసు బోర్డుపై ఉన్నది. శనివారములకు ఇంకను పేర్లు కావలెను.